ఉతికిన కోటు

జూలై చివరి నుంచి ఒలివీన్ గెరెట్ ఇంటి ముందు ఎవరూ ఊరికే ఆగరు. ఇంటి వెనక షెడ్డులో అమ్ముడుపోని డోనట్లు, కేకుల మీద పూసే తీపి ముద్ద, హోటళ్ళు పారేసిన వేపుడు నూనె, బెల్లంపాకం డ్రమ్ముల్లో మాగుతూ ఉంటాయి. గాలి కొండవైపు నుంచి వీచినప్పుడు ఆ వాసన నది ఒడ్డున ఉన్న చర్చి మెట్ల దాకా వెళుతుంది. ఆదివారాలు ఫాదర్ ఆ వైపు కిటికీలు మూయిస్తాడని ఒలివీన్‌కు తెలుసు. అయినా ఎవరూ ఏమీ అనరు. మా లోయలో చాలా ఇళ్ళ చలికాలపు మాంసం ఆ వాసనలోంచే వస్తుంది.

పని చెప్పుకోవడానికి చిన్నది. నల్ల ఎలుగుల వేట ఆగస్టు ఆఖరి సోమవారం మొదలవుతుంది. అంతకు నెల ముందు నుంచి అడవిలో ఎర పెట్టుకోనిస్తారు. దేవదారుల మధ్య, దారికి దూరంగా, ఇనప డ్రమ్మును గొలుసుతో చెట్టుకు కట్టాలి. డ్రమ్ము పక్క గోడకు ఎలుగు చెయ్యి పట్టేంత కంత ఉంటుంది. లోపల తిండి పోసి, కంతకు దుంగలు అడ్డం పెట్టి రావాలి. మళ్ళీ వెళ్ళేసరికి దుంగలు లాగేసి ఉంటే ఎలుగు వచ్చినట్టు. మళ్ళీ నింపాలి. రోజు విడిచి రోజు, రెండు చేతులా రెండు బకెట్లు, వాన కురిసినా, నల్ల ఈగలు కళ్ళలో దూరినా. వేటగాడు చెట్టు మీద బల్లకెక్కి కూర్చునేది ఒక్క సాయంత్రం. ఆ సాయంత్రం కోసం నెలంతా నడిచే మనిషి వేరు.

ఆ మనిషి చాలా ఏళ్ళు ఒలివీన్ భర్త లేవిత్. అతని తమ్ముడు రేయాల్‌కు సరస్సు ఒడ్డున వేటగాళ్ళు దిగే బస ఉంది. అన్న ఎర వేసేవాడు, తమ్ముడు బస నడిపేవాడు. ఒక ఫిబ్రవరిలో ఇంటి కప్పు మీద మంచు తోస్తూ లేవిత్ కూర్చుండిపోయాడు. దించేసరికి ప్రాణం లేదు. ఆ వేసవి ఎర కాలం మొదలయ్యాక రేయాల్ వచ్చి ఒలివీన్ వంటింట్లో, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"వారం నుంచీ నేనే తిరుగుతున్నాను వదినా. ఒక్క దుంగ కదల్లేదు."

"అయితే?"

"ఎలుగులకి అన్నయ్య కోటు తెలుసు. నా కోటు తెలీదు. అది వేసుకుని నువ్వెళ్ళు. ఈ ఒక్క ఏడాదీ."

లేవిత్ కోటు ఎరుపు నలుపు గళ్ళ ఉన్ని కోటు. షెడ్డులో మేకుకు వేలాడుతూ ఉండేది. ఎర వేసే వాళ్ళెవరూ ఆ బట్టలు ఇంట్లోకి తీసుకురారు, ఉతకరు. అదే కోటు, అదే వేళ, అదే చప్పుడు. ఎలుగుకు నువ్వు ఫలానా అని తెలియాలి, తిండి తెచ్చి పోయేవాడివని తెలియాలి. మా నాన్నల కాలం నుంచీ అందరూ చెప్పేది ఇదే. ఒలివీన్ కోటు వేసుకుంది. చేతులు వేళ్ళ మీదికి జారాయి, మడుచుకుంది. మర్నాడే రెండు డ్రమ్ముల దుంగలు నేల మీద ఉన్నాయి.

"చూశావా," అన్నాడు రేయాల్. "నేను చెప్పలా?"

అలా ఒక ఏడాది మూడో ఏడాది దాకా వచ్చింది.

చప్పుడు కూడా లేవిత్‌దే. డ్రమ్ము నింపాక ఖాళీ బకెట్టు అంచుతో దాని మీద కొట్టాలి. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. వడ్డించాను, పోతున్నాను అని దాని అర్థం. తర్వాత వెనక్కి నడుస్తూ గట్టిగా మాట్లాడాలి, మనిషి దూరమవుతున్నట్టు ఎలుగు వినాలి. లేవిత్ వాతావరణం గురించి మాట్లాడేవాడు. ఒలివీన్‌కు వాతావరణం గురించి చెప్పడానికేమీ ఉండేది కాదు. మోకాలి గురించి, పైపు కారడం గురించి, బంగాళాదుంపల గిడ్డంగిలో తనతో పనిచేసిన ఆడవాళ్ళ గురించి చెప్పేది. కొన్నాళ్ళకు లేవిత్‌ను తిట్టడం మొదలుపెట్టింది. కప్పు ఎక్కొద్దని చెప్పాను, విన్నావా. ఎవడు ఎక్కమన్నాడు. వాగు పక్క డ్రమ్ము దగ్గరి ఎలుగులకు మా ఊళ్ళో ఎవరికీ తెలియనంత తెలుసు.

వేట రోజున ఆ చప్పుడే ఉచ్చు. ఎర వేసే మనిషీ వేటగాడూ కలిసి వెళతారు. వేటగాడు చెట్టెక్కుతాడు. డ్రమ్ము నిండుతుంది, బకెట్టు మోగుతుంది, ఒక గొంతు మాట్లాడుకుంటూ వెళ్ళిపోతుంది. వచ్చింది ఇద్దరు, పోయింది ఒకరు. ఎలుగుకు కూడికలు తీసివేతలు రావు అనేవాడు లేవిత్.

ఈ జూలైలో, మొదటి బకెట్లు బండిలోకి ఎక్కించేటప్పుడు ఒలివీన్ కుడి మోకాలు కట్టెలా బిగుసుకుంది. పైకెత్తిన బకెట్టును మళ్ళీ కిందపెట్టి చాలాసేపు తలుపు పట్టుకుని నిలబడింది.

"నావల్ల కాదు రేయాల్. ఇదే ఆఖరు."

"సరే వదినా." రేయాల్ బకెట్టు తనే ఎక్కించాడు. "కానీ కోటు ఎవరికిస్తావ్?"

ఆమె మోకాలు రుద్దుకుంది.

"ఎవరికో ఒకరికి ఇవ్వాలిగా. అది లేకపోతే నా బస మూతపడుతుంది. నీకు నచ్చిన మనిషిని చెప్పు. వాడికి తొడుగుదాం."

ఆ నెలంతా ఒలివీన్ ఆ మనిషి కోసం వెతికింది. పెట్రోలు బంకు దగ్గర, చర్చి బయట, శవయాత్రల్లో. భుజాలు సరిపోయేవాళ్ళు ఉన్నారు. పని కావాల్సిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఒక్కొక్కరినీ ఆ కోటులో ఊహించుకునేది, మళ్ళీ విప్పించేసేది. పని వదిలెయ్యాలని ఆమె ఒంట్లో ప్రతి ఎముకా అడుగుతోంది. కోటు ఇవ్వకుండా పని వదలడం కుదరదు. ఆ రెంటి మధ్య రోజు విడిచి రోజు బకెట్లు మోసింది.

వేటకు కొన్ని రోజుల ముందు, గురువారం పొద్దున, షెడ్డులోకి వెళితే మేకు ఖాళీగా ఉంది.

కోటు పెరట్లో తాడు మీద, రెండు తువ్వాళ్ళ మధ్య, తలకిందులుగా వేలాడుతూ నీళ్ళు కారుతోంది. పక్కనే తోటికోడలు ఫెర్నాండ్, రేయాల్ భార్య, నోట్లో రెండు చెక్క క్లిప్పులు పెట్టుకుని ఉంది.

"ఏం చేశావే?"

ఫెర్నాండ్ క్లిప్పులు తీసి చేత్తో పట్టుకుంది. "ఉతికానక్కా. రెండుసార్లు. మొదటి నీళ్ళు తారులా వచ్చాయి."

"దేంతో?"

"ఇంట్లో ఉన్న సబ్బుతోనే. లావెండరుది."

ఒలివీన్ తాడు దగ్గరకు వెళ్ళింది. కోటు తడి చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. కొట్లో కొత్త బట్టల అర దగ్గర నిలబడ్డట్టు ఉంది. ఎరుపు గళ్ళు ఇంత ఎర్రగా ఉంటాయని మరిచిపోయింది.

"మీ ఆయనకి చెప్పావా?"

"చెప్తే ఉతకనిస్తాడా?"

రేయాల్‌కు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బండి మలుపు తిరుగుతూనే తాడు మీద చూశాడు. దిగి తలుపు వెయ్యడం కూడా మరిచాడు.

"ఎవరుతకమన్నారే నిన్ను? పెళ్ళికెళ్తోందా అది?"

"కంపు కొడుతోంది."

"కొట్టాలి. కొట్టడమే దాని పని. సోమవారం మనుషులొస్తున్నారు. ఎలుగులకి ఇప్పుడు ఏమని చెప్పను, మా ఆవిడకి శుభ్రం ఎక్కువని చెప్పనా?"

"చెప్పు. నీ మాట వింటాయిగా అవి. నేను చెప్తే నువ్వే వినవు."

రేయాల్ షెడ్డులోంచి వేపుడు నూనె డబ్బా, ఎలుగులను రప్పించే సోంపు నూనె సీసా తెచ్చాడు. కోటును తాడు మీంచి లాగి గడ్డి మీద పరిచాడు. నూనెలో ముంచిన గుడ్డతో మెడ పట్టీ మీద రుద్దబోయాడు.

"తాలింపు పెడుతున్నావా దానికి?" అంది ఒలివీన్.

"మరేం చెయ్యమంటావ్ వదినా?"

"అక్కడ పెట్టు."

"మరి ఎలుగులు?"

"అక్కడ పెట్టమన్నాను."

అతను గుడ్డ డబ్బాలో పడేశాడు. తలుపు తెరిచే ఉన్న బండి దాకా వెళ్ళి, ఒకసారి వెనక్కి చూసి, తలుపు వేసుకుని వెళ్ళాడు. ఒలివీన్ కోటును మళ్ళీ తాడు మీద వేసింది. ఈసారి భుజాలు పైకి.

పాత వాసన పోయింది కాబట్టి ఇక ఏ కోటైనా ఒకటే. అయినా మధ్యాహ్నానికి సగం ఆరిన దాన్నే వేసుకుని వెళ్ళింది. చలికి కాదు, దోమలకూ కాదు, అది వేసుకోకుండా ఆ దారి నడవడం ఆమెకు తెలియదు. శుక్రవారం చెట్టుకు కట్టిన కెమెరాలో బొమ్మలు చూశారు. వాగు పక్క డ్రమ్ము దగ్గర, అన్నిటికంటే పెద్ద ఎలుగు, ఎడమ చెవి చిరిగినది, పొదల అంచు దాకా వచ్చి నిలబడింది. ముక్కు పైకెత్తింది. వెనక్కి తిరిగింది. దుంగలు కదల్లేదు. మిగతా డ్రమ్ములన్నీ ఖాళీ అయ్యాయి కానీ రేయాల్ వాటి గురించి మాట్లాడలేదు.

"సబ్బు," అన్నాడు. అంతే అన్నాడు.

శనివారం ఒలివీన్ బండి తాళం తిప్పుతుంటే పక్క తలుపు తెరుచుకుని ఫెర్నాండ్ ఎక్కింది. పసుపు ప్లాస్టిక్ వానకోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు.

"ఎక్కడికే?"

"ఒక బకెట్టు నేను మోస్తా. నువ్వు మోకాలు ఈడ్చుకుంటూ పోతుంటే చూడ్డానికి నాకే నొప్పిగా ఉంది."

బండి దుంగల లారీలు పోయే మట్టిరోడ్డు ఎక్కింది. దుమ్ము కోసం అద్దాలు ఎక్కించుకున్నారు. లోపల బకెట్ల తీపి వాసన, లావెండరు, రెండూ కలిసి తల తిప్పుతున్నాయి.

"నిన్ను షెడ్డులో చూశానక్కా," అంది ఫెర్నాండ్. "బుధవారం. గుడ్లివ్వడానికి వచ్చాను. బకెట్టు బోర్లించుకుని కూచున్నావు. కోటు చేతిలో మొహం పెట్టుకుని. పిలిచాను. నీకు వినబడలేదు."

ఒలివీన్ గేరు మార్చింది.

"అందులో బావగారి వాసన లేదక్కా. ఎప్పుడో పోయింది. ఉన్నదంతా నూనే."

"తెలుసు."

"తెలిసేనా?"

"తెలిసే."

ఫెర్నాండ్ కిటికీ వైపు తిరిగింది. "మరి నన్ను తిట్టవేం?" అంది.

"ఓపిక లేదు. చలికాలంలో తిడతాలే."

అడవిలో ఫెర్నాండ్ రెండు బకెట్లు పట్టుకుని ముందు నడిచింది. చెట్ల వేళ్ళకు తట్టుకున్నప్పుడల్లా వాటికి క్షమాపణ చెప్పింది. వాగు పక్క డ్రమ్ము దగ్గర పాత తిండి తీసి కొత్తది పోశారు. ఒలివీన్ బకెట్టు అంచుతో కొట్టింది. రెండు, ఆగి ఒకటి.

"నన్ను కొట్టనీ," అని ఫెర్నాండ్ బకెట్టు తీసుకుంది. వరసగా నాలుగు కొట్టింది.

"అలా కాదు."

"ఏం, నాలుగైతే తినవా?"

సోమవారం మధ్యాహ్నం ఒలివీన్ వెండెల్ అనే వేటగాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. పెన్సిల్వేనియాలో బడి బస్సు నడిపి రిటైరైన మనిషి, బక్కపల్చన, చెవులు సరిగా వినబడవు. మూడో ఏడాది వస్తున్నాడు. రెండేళ్ళూ ఖాళీ చేతులతో వెళ్ళాడు. బసలో ఎవరికీ వాగు పక్క డ్రమ్ము వద్దు, కెమెరా బొమ్మల సంగతి అందరికీ తెలిసిపోయింది. వెండెల్‌కు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినిపించదు అన్నాడు రేయాల్.

దారి సగంలో వెండెల్ ఆగి గాలి పీల్చాడు. "సెంటు కొట్టుకున్నారా ఒలివీన్ గారూ?"

"మా తోటికోడలి సబ్బు."

"బాగుంది. మా ఆవిడ ఇలాంటిదే వాడేది."

అతను చెట్టెక్కి, తుపాకీ తాడుతో పైకి లాక్కుని, బల్ల మీద సర్దుకునే దాకా ఆమె కింద నిలబడింది. తర్వాత డ్రమ్ము నింపింది. దుంగలు పెట్టింది. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. వెనక్కి తిరిగి నడుస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. లేవిత్‌ను తిట్టాలని నోరు తెరిచింది. మాట రాలేదు. మా వైపు పోసుకునే ప్లోయ్ అట్లకు పిండి అయిపోయిందని చెప్పింది. పైపు బాగుచేసేవాడు ఇంకా రాలేదని చెప్పింది. పోయే గొంతుకు ఏదో ఒకటి చాలు.

దారి సగం దాటాక మోకాలు మళ్ళీ బిగుసుకుంది. పడిపోయిన దేవదారు మొద్దు మీద కూర్చుంది. ఎండ ఇంకా ఉంది. కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. మాట్లాడటం ఆపకూడదని తెలుసు. బండి దాకా మాట్లాడుతూనే వెళ్ళాలి, బండి చప్పుడు కూడా వినిపించాలి. కానీ ఆమె దగ్గర ఇక ఏమీ మిగల్లేదు. ఊరికే కూర్చుంది.

ముందు ఒక పిట్ట అరుపు మధ్యలో ఆపింది. తర్వాత దారికి అటువైపు ఫెర్న్ ఆకులు కదిలాయి. ఎలుగు బయటికి వచ్చింది. ఎడమ చెవి చిరిగినది. మూడేళ్ళు దానికి తిండి మోసినా ఒలివీన్ దాన్ని కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి. బొమ్మల్లో కంటే చిన్నగా ఉంది. మూతి దగ్గర వెంట్రుకలు నెరిశాయి.

దారి మధ్యలో ఆగింది. గాలి ఆమె వైపు నుంచి దానివైపే ఉంది. ముక్కు ఎత్తి ఆమెను, కోటును, సబ్బును, అన్నిటినీ వాసన చూసింది. ఆమెను కొట్టు దగ్గర వరసలో ముందున్న మనిషిని చూసినట్టు చూసింది. ఆ తర్వాత తల దించి, దారి దాటి, డ్రమ్ము ఉన్న వైపు వెళ్ళిపోయింది. తొందర లేదు, భయం లేదు. బకెట్టు మోగింది కాబట్టి వెళుతోంది.

ఒక్క కేక వేస్తే వెనక్కి తిరిగేది. ఒలివీన్ వెయ్యలేదు. నెలంతా బకెట్లు మోసింది అది అటు వెళ్ళడానికే. చేతుల్లో కోటును మడతపెట్టింది, మళ్ళీ విప్పింది.

రేయాల్ తన సొంత కోటు వేసుకుని తిరిగిన ఆ మొదటి వారం గుర్తొచ్చింది. ఒక్క దుంగ కదలని వారం. ఆ వారమే ఆమె చెట్లు నరికేసిన జాగాలో అడవి కోరిందపళ్ళు ఏరుకొచ్చి మురబ్బా చేసింది. పళ్ళు కాళ్ళ కింద నలిగేంత కాశాయి. ఎలుగులన్నీ అక్కడే ఉన్నాయి. వాటి పేడ మీద అడుగు పడకుండా నడవాల్సి వచ్చింది. ఆమె మొదటిసారి బకెట్లు మోసుకెళ్ళిన రోజుకు పళ్ళు అయిపోయాయి. అంతే. మురబ్బా గరిటె తిప్పుతూనే రేయాల్ మాట విన్నది, నమ్మింది. నమ్మాలనే ఉండింది.

తుపాకీ ఒక్కసారి పేలింది. తర్వాత ఎలుగు ఊపిరి వదిలే మూలుగు, పొడుగ్గా. తర్వాత అదీ లేదు. చెట్టు మీంచి వెండెల్ తనలో తను మాట్లాడుకోవడం వినిపించింది. అతనికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు.

ఒలివీన్ లేచి, మోకాలు వంగేదాకా ఆగి, కోటు చేతి మీద వేసుకుని రేయాల్‌ను పిలవడానికి బండి దగ్గరకు నడిచింది.

ఎలుగును చక్రాల్లేని స్లెడ్జి బండి మీదికి ఎక్కించి లాగేసరికి పొద్దు చెట్ల వెనక్కి దిగింది. వెండెల్ దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చిరిగిన చెవిని సరిచేస్తున్నాడు, మళ్ళీ అతికించగలనన్నట్టు. రేయాల్ నుదురు తుడుచుకున్నాడు.

"చెప్పానా వదినా. అన్నయ్య కోటు. ఎన్నిసార్లు ఉతికినా దాన్ని పట్టేస్తాయి."

ఆమె అతని వైపు చూసింది. చెప్పాల్సింది చాలా ఉంది, అంతా చెప్పాలంటే ఈ మోకాలితో చాలాసేపు నిలబడాలి.

"రేపట్నుంచి ఫెర్నాండ్ వెళ్తుంది," అంది.

"ఏది, మా ఫెర్నాండా? దానికి చెట్టుకీ మనిషికీ తేడా తెలీదు."

"ఉతకడం వచ్చుగా."

"సరే, కోటు తొడిగి పంపుదాం."

"కోటు ఇవ్వను."

"మరి ఎలుగులకి ఎలా తెలుస్తుంది?"

"బకెట్టు ఇస్తున్నాను. చాలు."

రేయాల్ స్లెడ్జి తాడు భుజానికేసుకున్నాడు. ఎలుగు బరువుగా ఉంది.

ఒలివీన్ ఇంటికి వచ్చి షెడ్డు దాటి, వంటింటి తలుపు తీసి, తలుపు వెనక ఉన్న కొక్కేనికి కోటు తగిలించింది. ఆ కొక్కేనికి లేవిత్ ఆదివారం టోపీ ఉండేది. కోటు చేతులు ఎండకు బిగుసుకుని కాస్త ముందుకు వచ్చి ఉన్నాయి. వాటిని కిందికి లాగి సరిచేసింది. లావెండరు వాసన కొన్నాళ్ళుంటుంది. తర్వాత అదీ పోయి ఇంటి వాసన పడుతుంది, ఉల్లిపాయలు, పొయ్యి, టీ.

బుధవారం మధ్యాహ్నం వెనక వరండాలో మోకాలి మీద వేడి గుడ్డ వేసుకుని కూర్చుంది. కొండ మీది డ్రమ్ము అన్నిటికంటే దగ్గరిది, గాలి ఇటు ఉంటే వినిపిస్తుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వినిపించింది. వరసగా నాలుగు దెబ్బలు, నాలుగోది గట్టిగా. తర్వాత ఫెర్నాండ్ గొంతు, మాటలు తెలియవు, ఎవరినో తిడుతున్నట్టుంది, మెల్లగా దూరమవుతూ.

ఒలివీన్ గుడ్డ తీసి చల్లారిందేమో చూసింది. చల్లారింది. వేడి నీళ్ళ కోసం లేవాలి. కొంచెంసేపు లేవలేదు.